తాత పెట్టెకు ఏథెన్స్ నుంచి వచ్చిన నెంబర్లు

మా ఇంటి పాత వస్తువుల ఫోటోల కింద బా-7, బా-19, బా-41 అని నెంబర్లు ఎందుకు ఉంటాయని చాలామంది అడిగారు. "బా" అంటే బాబుపేట్. నెంబరు అంటే ఆ వస్తువు తాత పెట్టెలోంచి బయటికి వచ్చిన వరుస. ఈ పద్ధతి మా సొంతం కాదు. 2020 లాక్‌డౌన్‌లో గ్రీసు దేశపు ఏథెన్స్ నగరంలో, ఒక విదేశీ పురావస్తు పాఠశాలలో ఆగిపోయిన మా చెల్లె ఫోన్‌లో నేర్పింది. ఆ సంగతి ఒకసారి పూర్తిగా రాసి పెట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. ఇప్పటికి కుదిరింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం మా గురించి రెండు ముక్కలు. తాతది మంథని దగ్గర పల్లె. 1960ల మొదట్లో బొగ్గు గని పనికి ఇక్కడికి వచ్చాడు. అప్పుడు ఈ ఊరు చాందా. 1964లో చంద్రపూర్ అయింది కానీ, తాత నోట మాత్రం చివరిదాకా చాందానే. బాబుపేట్‌లో రెండు గదులు వేసుకుని, తర్వాత ఇంకో రెండు కలుపుకున్నాడు. మా నాన్నకు కర్ణాటకలో వాడి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికింది. అందుకని మేము బడి అంతా కన్నడ మీడియంలోనే చదివాం. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ, ఎండాకాలం సెలవులకు తాత ఇంటికొస్తే గల్లీలో మరాఠీ. తెలుగు అక్షరాలు మేము కన్నడ అక్షరాల పక్కన పెట్టుకుని నేర్చుకున్నాం. తలకట్టు మార్చి చూస్తే సగం అక్షరాలు తెలిసినవే. మాలో ఈ రాత పని చూసేవాళ్ల ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆ ఉద్యోగానికీ ఈ కథకూ కూడా కొంచెం సంబంధం ఉంది.

మా బాబాయి కూతురు, అంటే మా చెల్లె, పుణెలోని దక్కన్ కాలేజీలో పురావస్తు శాస్త్రం చదివి, అమెరికాలో పీహెచ్‌డీలో చేరింది. తన పని తవ్వకాల్లో దొరికిన జంతువుల ఎముకలు చూసి, అప్పటి జనం ఏం పెంచారో, ఏం తిన్నారో చెప్పడం. 2019 చివర్లో ఆ పని మీద ఏథెన్స్ పోయింది. "గొర్రె ఎముకలు చూడనీకి విమానం ఎక్కి పోవాల్నా, మన కసాయి దుకాణం లేదా?" అని తాత నవ్వేవాడు. నవ్వినా, ఇంటికి ఎవరొచ్చినా మొదట చెప్పేది మనుమరాలి సంగతే.

ఏథెన్స్‌లో ఈ విదేశీ పాఠశాలలు ఏమిటో ముందు మాకూ అర్థం కాలేదు. పాఠశాల అంటే బడి అనుకున్నాం. చెల్లె చెప్పింది ఇది: గ్రీసులో బయటి దేశాలవాళ్లు తవ్వకాలు చేయాలంటే తమ దేశపు పాఠశాల ద్వారానే అనుమతి తీసుకోవాలి. ఒక్కో పాఠశాలకు సొంతంగా మూడు తవ్వకాలకు, గ్రీకులతో కలిసి మరో మూడింటికి మాత్రమే అనుమతి. ఫ్రెంచివాళ్లు 1846లో పెట్టుకున్నారు, జర్మన్లు 1874లో, అమెరికన్లు 1881లో, ఇంగ్లీషువాళ్లు 1886లో. తర్వాత ఇంకా చాలా దేశాలు. మన దేశానికి అక్కడ పాఠశాల లేదు. అమెరికన్, బ్రిటిష్ పాఠశాలలు లికావిట్టోస్ అనే కొండ వాలులో పక్కపక్కనే ఉంటాయి. చెల్లె ఉన్నది ఆ కొండ పక్కనే. ఏ పాఠశాలో రాయొద్దంది. అతిథిగా ఉన్న ఇంటి ముచ్చట్లు పేరు పెట్టి చెప్పుకోవడం బాగుండదని తన మాట.

అక్కడ ఏళ్ల తరబడి ఉండేవాళ్లు ఉంటారట. గ్రంథాలయం, హాస్టల్, భోజనాల బల్ల, తోట అన్నీ ఒక్కచోటే. వేరే దేశంలో ఉంటూ, ఆ దేశపు నేలను ఆ దేశంవాళ్ల అనుమతితో చదువుకుంటూ, సాయంత్రం అయితే తమ భాషలో మాట్లాడుకుంటూ బతకడం. చెల్లె ఇదంతా చెబుతుంటే తాత మధ్యలో అందుకుని, "అంటే మన బాబుపేట్ లెక్కనే అన్నట్టు" అన్నాడు.

తాత మాటలో అర్థం ఉంది. మా పేటకు దగ్గర్లో లాల్‌పేటలో పెద్ద పెద్ద ఏకశిలా విగ్రహాలు నేల మీద పడి ఉన్నాయి. పది తలల దుర్గ అని జనం పిలుచుకునే బొమ్మ వాటిలోదే. గోండు రాజుల కాలంలో రాయప్ప అనే కోమటి పెద్ద శివాలయం కట్టాలని వాటిని చెక్కించాడనీ, గుడి లేవకముందే చనిపోయాడనీ ఇక్కడ చెప్పుకుంటారు. చిన్నప్పుడు తాత మమ్మల్ని సైకిల్ మీద అక్కడికి తీసుకుపోయి, "మనకన్నా ముందు వచ్చినోడు వీడే" అని చూపించేవాడు. రాయప్ప ఏ ఊరినుంచి వచ్చాడో తాత ఎప్పుడూ ఆలోచించలేదు. కోమటి, పేరు రాయప్ప, ఇంకేం కావాలి, మనవాడే.

2020 మార్చికి వద్దాం. గ్రీసులో మొదటి కేసు ఫిబ్రవరి 26న థెస్సలోనికిలో బయటపడింది. మార్చి రెండో వారానికి బళ్లు, కాలేజీలు మూశారు. 14 నుంచి మ్యూజియాలు, పురావస్తు స్థలాలు మూశారు. మన దేశంలో కూడా పురావస్తు శాఖ తన కట్టడాలన్నీ మార్చి 17న మూసేసింది. మార్చి 22 నుంచి బయటి దేశాల విమానాలు మన దగ్గర దిగకుండా ఆపేశారు. మార్చి 23 పొద్దున ఆరు గంటలనుంచి గ్రీసు మొత్తం లాక్‌డౌన్. రెండు రోజులకు, మార్చి 25న, ఇక్కడ. ఆ రోజు ఉగాది. మా గల్లీలో మరాఠీవాళ్ల ఇళ్ల మీద గుఢీలు, మా ఇంట్లో పచ్చడి. వేపపువ్వు పెరటి చెట్టుదే కాబట్టి దానికి లోటు రాలేదు. మామిడికాయ మాత్రం పక్కింటి కాకూ గోడ మీదనుంచి ఇచ్చింది. మేము అప్పటికే ఇంటినుంచి పని అని బాబుపేట్ వచ్చేసి ఉన్నాం. చెల్లెకు రావడానికి దారి లేదు.

ఏథెన్స్‌లో గడప దాటాలంటే 13033 అనే నెంబరుకు మెసేజ్ పంపాలి. పేరు, అడ్రసు, ముందు ఒక అంకె. మందులకు, డాక్టరుకు 1. సరుకులకు 2. కసరత్తుకు, కుక్కను తిప్పడానికి 6. క్షణంలో జవాబు వచ్చేది, ఆ జవాబే పాసు. పోలీసు ఆపితే పాస్‌పోర్టు, ఆ మెసేజ్ చూపాలి. లేకపోతే 150 యూరోల జరిమానా. చెల్లె రోజూ 6 పంపి లికావిట్టోస్ కొండ ఎక్కేది. పైనుంచి అక్రోపోలిస్ కనిపిస్తుంది. "ఎప్పుడూ జాతర లెక్క ఉండే గుట్ట, ఒక్క మనిషి లేడు" అని వీడియోలో చూపించింది. తన ఎముకలు ప్రయోగశాల డ్రాయర్లలో ఉండిపోయాయి, గ్రంథాలయానికి తాళం. ఎండాకాలపు తవ్వకం లేదని ముందే తెలిసిపోయింది. సాయంత్రం ఆరింటికి సోతిరిస్ త్సియోద్రాస్ అనే డాక్టరు టీవీలో ఆ రోజు లెక్క చెబితే అందరూ వినేవాళ్లట. మిగతా పొద్దంతా పాత నోటు పుస్తకాలు శుభ్రంగా రాసుకోవడం, ఇంటికి ఫోన్ చేయడం. మార్చి చివర అక్కడ గడియారాలు ముందుకు జరిపాక మాకూ తనకూ తేడా రెండున్నర గంటలు. మాకు రాత్రి తొమ్మిదిన్నర అయితే తనకు ఏడు. ఆ టైమే మా కుటుంబం టైమైంది. ఏప్రిల్ 5న రాత్రి తొమ్మిదింటికి ఇక్కడ అందరూ దీపాలు పెట్టినప్పుడు కూడా ఫోన్ ఆన్‌లోనే ఉంది.

ఏప్రిల్ 11న తాత పోయాడు. కరోనా కాదు. ఎనభై రెండేళ్ల మనిషి, గనిలో ముప్పై ఏళ్లకు పైగా మసి పీల్చిన ఊపిరితిత్తులు. రాత్రి నిద్రలోనే. అప్పటి నియమం ప్రకారం అంత్యక్రియలకు ఇరవైమందికి మించకూడదు. మేము పదకొండుమందిమి అయ్యాం. మంథని నుంచి ఎవరూ రాలేకపోయారు. రాజురా దాటాక రాష్ట్రాల సరిహద్దు, అక్కడ అడ్డుకట్టలు. తాత ఒక్కగానొక్క చెల్లెలు, మేము మంథని నాయనమ్మ అంటాం, డెబ్బై ఎనిమిదేళ్లు. ఫోన్‌లో చూసింది. మా చెల్లె కూడా ఫోన్‌లోనే చూసింది. తర్వాత ఒక మాట చెప్పింది: "అన్నా, ఇక్కడ 13033లో పెళ్లికి, చావుకు 5. నాకు ఇక్కడ చచ్చేవాళ్లు ఎవరున్నరు, ఎప్పుడూ పంపనని అనుకున్న. ఇయ్యాల 5 పంపి కొండెక్కి కూసున్న."

మూడో రోజు అస్థికలు ఏరుకొచ్చి, కొత్త కుండలో పెట్టి, తెల్ల బట్ట కట్టి, శ్మశానంలో చెట్టుకు వేలాడదీశాం. ఇంట్లోకి తేకూడదని పద్ధతి. ఎక్కడ కలపాలనే దగ్గర ఇంట్లో రెండు మాటలు వచ్చాయి. చంద్రపూర్ వాళ్లకు దగ్గరి సంగమం వఢా. అక్కడ వర్ధా, పైన్‌గంగా కలుస్తాయి. జిల్లా దాటక్కరలేదు. కానీ నాయనమ్మ వినలేదు. "ఆయన తల్లిని కాళేశ్వరంల గోదాట్ల కలిపిండు. ఆయన్ను కూడా ఆడికే తీస్కపోవాలె. ఎన్ని దినాలైనా ఆగుదాం" అన్నది. ఏప్రిల్ 14న లాక్‌డౌన్ పొడిగించారు. తర్వాత మళ్లీ పొడిగించారు. కుండ చెట్టుకే ఉంది. జూన్ వస్తే వానలు.

పదకొండో రోజు అయ్యాక నాయనమ్మ తాత ఇనప్పెట్టె తీయమంది. బట్టలు ఒక పక్క, కాయితాలు ఒక పక్క, పారేసేవి ఒక పక్క పెట్టండి అన్నది. ఆ రాత్రి ఫోన్‌లో ఈ మాట విన్న చెల్లె గట్టిగా అరిచినంత పని చేసింది. "ఎవ్వరూ ముట్టకండి. మూత తీసి పైనుంచి ఫోటో తీయండి, తర్వాత మాట్లాడదాం."

తను చెప్పిన పద్ధతి ఇక్కడ వరుసగా రాస్తున్నాం. పెట్టెలో ఏది పైన ఉందో, ఏది కింద ఉందో, ఏది దేనిలో చుట్టి ఉందో, అదే సగం సమాచారం. వస్తువు బయటికి తీస్తే వస్తువు మిగులుతుంది, చోటు పోతుంది. మళ్లీ రాదు. అందుకని ఒక్కో పొర కనిపించగానే పైనుంచి ఫోటో, పక్కన స్కేలు, తాళం ఏ వైపో గుర్తు. తర్వాత ఒక్కో వస్తువుకు నెంబరు. నోటు పుస్తకంలో గీతలు కొట్టి: నెంబరు, ఎన్నో పొర, ఏ మూల, దేనికి ఆనుకుని ఉంది, కొలత, దాని మీద రాసి ఉన్నది ఉన్నట్టుగా. చివర్లో ఒక గడి వేరుగా: దాని గురించి ఇంట్లోవాళ్లు ఎవరు ఏమన్నారు. కళ్లతో చూసింది, చెవులతో విన్నది ఒకే గడిలో కలపకూడదని గట్టిగా చెప్పింది.

టెస్టింగ్ పని చేసేవాళ్లకు ఇది కొత్తగా అనిపించలేదు. మా దగ్గర కూడా సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా తేడా కనిపిస్తే ముందు దాన్ని సరిచేయడానికి పోరు. ఏ పేజీలో, ఏది నొక్కాక, ఏం రావాల్సింది ఏం వచ్చింది, ఫోటోతో సహా రాసి పెడతారు. ఆ తర్వాతే ఎవరైనా ముట్టుకోవాలి. కన్నడంలో, మరాఠీలో తవ్వకాన్ని ఉత్ఖనన అంటారు. బళ్లో ఆ మాట చదివినప్పుడు గునపాలు, పారలే కళ్ల ముందు కనిపించేవి. ఇక్కడ గునపం లేదు. నాయనమ్మ మంచం పక్కన ఒక పెట్టె, ఒక స్కేలు, ఒక పెన్ను.

పదిహేడు రాత్రులు పట్టింది. ఐదు పొరలు, అరవై నాలుగు నెంబర్లు. మొదటి పొరలో శాలువా, కళ్లద్దాలు, పింఛను కాయితాలు, చైత్రంలో మహాకాళి జాతరలో తీయించుకున్న ఫోటో. ఆ ఏడు లాక్‌డౌన్ వల్ల జాతరే లేదు. రెండో పొరలో పీఎఫ్ చీటీలు, యూనియన్ రసీదులు, ఇంటిపేరు మూడు రకాలుగా రాసి ఉన్న మూడు రేషన్ కార్డులు. మూడో పొర అంతా ఒకే ఒక్క వస్తువు: 1983 జూన్ నాటి మరాఠీ పేపరు, పెట్టె నాలుగు మూలలకూ పరిచి ఉంది. చెల్లెకు ఆ పేపరు చూసి ఎంత సంతోషమో. మడత చెదరలేదు, అంచులకు తుప్పు అంటుకుని ఉంది, అంటే పరిచాక దాన్ని ఎవరూ ఎత్తలేదు, అంటే దాని కిందున్నవన్నీ 1983 కన్నా ముందువి. తేదీ లేని వస్తువులకు ఒక్క పేపరు ముక్కతో తేదీ దొరికింది.

ఆ రోజుల్లోనే ఒకసారి చెల్లె కెరమైకోస్ సంగతి చెప్పింది. ఏథెన్స్‌లో క్రీస్తుకు పూర్వం 430లో పెద్ద అంటురోగం వచ్చింది. తుకిదీదిస్ అనే చరిత్రకారుడు తనకూ ఆ రోగం వచ్చి బతికి బయటపడి, దాని గురించి రాశాడు. నగర నాయకుడు పెరిక్లీస్ 429లో పోయాడు. 1994, 95లో మెట్రో రైలు కోసం తవ్వుతుంటే కెరమైకోస్ శ్మశానం పక్కన ఒక గుంత బయటపడింది. అందులో దాదాపు 150 మంది. కింది పొరల్లో శవాలను కొంచెం ఎడం ఎడంగా, ఒక పద్ధతిగా పడుకోబెట్టారు. పైకి వచ్చేకొద్దీ ఒకరి మీద ఒకరిని పడేశారు. పసిపిల్లలను మాత్రం కుండల్లో పెట్టి పూడ్చారు. అంత భయంలో కూడా వాళ్లను విసిరేయలేదు. పదకొండేళ్ల పిల్ల పుర్రె ఒకటి దొరికితే, తర్వాత దాని ఆధారంగా ముఖం తయారుచేసి, మిర్తిస్ అని పేరు పెట్టారు. "ఆ గుంతను గబగబా ఖాళీ చేసి ఉంటే 150 మంది అని మాత్రమే తెలిసేది" అన్నది చెల్లె. "పొరలు రాసుకున్నరు కాబట్టి జనం ఎట్లెట్ల బెదిరిపోయిండ్రో కూడా తెలిసింది." ఇది చెప్పిన కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 18 అర్ధరాత్రి, వాళ్ల ఈస్టరు పండుగకు చర్చిలకు పోలేక ఏథెన్స్ జనం కొవ్వొత్తులు పట్టుకుని బాల్కనీల్లో నిలబడి పాడుకున్నారు. తను కిటికీలోంచి తీసిన వీడియో మా దగ్గర ఇప్పటికీ ఉంది.

మే 9 రాత్రి ఐదో పొరకు వచ్చాం. తాత పెళ్లి ధోవతి, బా-40. దాని మడతలో ఎర్ర గుడ్డ మూట, చిన్నది. మూట విప్పితే రెండు వస్తువులు. బా-41: ముక్కుపుడక, బంగారం, రాయి లేదు. బా-42: నాలుగు మడతలు పెట్టిన కాయితం. మరాఠీలో పెన్సిల్‌తో, "వఢా. దశక్రియా. రు. 5. 19-8-68." అంతే. ఎవరి దశక్రియో పేరు లేదు.

ఇలాంటి చీటీలు మాకు నాలుగో పొరలో ఒక కవరు నిండా దొరికాయి. తాత గనిలో తోటివాళ్ల ఇళ్లలో ఎవరు పోయినా ముందు నడిచే మనిషి. పంతుళ్లకు ఇచ్చిన డబ్బు, లారీ కిరాయి, కట్టెల లెక్క, అన్నీ దాచేవాడు. నాయనమ్మ చెప్పినట్టు కాయితాలన్నీ ఒక పక్కన పెట్టి ఉంటే ఈ చీటీ కూడా ఆ కవరులో చీటీల్లో ఒకటి అయ్యేది. ఇది ఆ కవరులో లేదు. పెళ్లి ధోవతి మడతలో, ముక్కుపుడకతో కలిపి మూట కట్టి ఉంది.

నాయనమ్మకు పుడక చూపించాం. చేతిలోకి తీసుకోకుండానే, "అత్తమ్మది" అన్నది. అత్తమ్మ అంటే మా ముత్తవ్వ. బాబుపేట్‌లో ఈ ఇంట్లోనే పోయింది. 1968 వానాకాలం. అప్పుడు నాయనమ్మ బాబాయి కాన్పుకు పుట్టింట్లో ఉంది. తల్లిని కాళేశ్వరంలో కలిపి వచ్చానని తిరిగొచ్చాక తాత చెప్పాడు. అందరికీ అదే చెప్పాడు. నాలుగో పొరలో దొరికిన ఇన్‌లాండ్ ఉత్తరం, బా-33, మంథని నాయనమ్మ అదే ఏడు ఎవరితోనో రాయించి పంపింది. అందులో, అమ్మను గోదాట్లో కలిపినావని తెలిసి మనసు నిమ్మళమైంది అని ఉంది.

తాత ఎందుకు అట్లా చెప్పాడో ఏ పొరలోనూ లేదు. ఆగస్టు నెల, అప్పటి తొవ్వలు, గనిలో సెలవు దొరకని రోజులు. ఇవి మా ఊహలు, నోటు పుస్తకంలో ఊహ అనే రాశాం. కానీ చీటీని యాభై రెండేళ్లు పారేయకుండా, తల్లి పుడకతో కలిపి, తన పెళ్లి బట్టలో దాచుకున్నాడు. అది ఊహ కాదు, ఫోటో ఉంది.

నాయనమ్మ చీటీ చదవమంది. చదివాం. మళ్లీ చదవమంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆయన్ను వాళ్లమ్మ దగ్గరికే పోనియ్యుండ్రి. వఢాకు తీస్కపోండ్రి" అన్నది.

జూన్ మొదటి వారంలో, వానలు మొదలవ్వకముందు, మేము నలుగురం వఢా వెళ్లాం. కార్తీక పున్నమికి యాత్రతో నిండే రేవు, ఆ రోజు ఖాళీ. నీళ్లు మోకాలి లోతు. నావికుడు కూడా లేడు. చెల్లె ఫోన్‌లో ఉంది, సిగ్నల్ మధ్య మధ్యలో పోయింది. మరాఠీలో, కన్నడంలో దీన్ని అస్థి విసర్జన అంటారు. మన వాడుకలో కలపడం. వదిలేయడమా, కలపడమా అని ఆ రోజు తిరుగుదారిలో మాలో మేము చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇంకో పని మిగిలింది. మంథని నాయనమ్మకు చెప్పాలా వద్దా? యాభై రెండేళ్లుగా ఆమె కాళేశ్వరం పోయినప్పుడల్లా అక్కడ అమ్మ ఉందని దండం పెడుతోంది. మా నాయనమ్మ వద్దనే అన్నది: "ముసలిదాని మనసు కష్టపెట్టుడెందుకు." నాన్న కూడా అదే. చెల్లె మాత్రం, ఆమె తల్లి గురించి ఆమెకు తెలియనిది మనకు తెలిసి ఉండడం న్యాయం కాదు అన్నది. మేము రెండు వైపులా ఊగాం. చివరికి తేలింది ఇది: చెబితే ఫోన్‌లో చెప్పకూడదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి, పుడక చేతికిచ్చి చెప్పాలి.

సెప్టెంబరులో మహారాష్ట్రలో ఈ-పాస్ ఎత్తేశారు. డిసెంబరులో రాజురా, ఆసిఫాబాద్, మంచిర్యాల మీదుగా మంథని వెళ్లాం. మాస్కులతోనే గడపలో కూర్చున్నాం. మొత్తం చెప్పాం. చీటీ ఫోటో చూపించాం. ఆమె చీటీ చూడలేదు. పుడక తీసుకుని, బొటనవేలితో రాయి ఉండాల్సిన గుంత తడిమి చూసింది. "రాయి నేను చిన్నగున్నప్పుడే బాయిల పడ్డది. నేనే గుంజిన" అన్నది. మా పుస్తకంలో బా-41 ఎదురుగా "రాయి లేదు" అని మాత్రమే ఉండేది. చివరి గడిలో ఆమె మాట అప్పుడే రాసుకున్నాం.

తర్వాత అడిగింది: "వఢాల నీళ్లు ఎటు పోతయి బిడ్డా?"

వర్ధా కిందికి పోయి వైన్‌గంగతో కలిస్తే ప్రాణహిత అవుతుంది, ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది అని చెప్పాం.

"మరింకేంది" అని లేచి, మాకు చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. పుడక కొంగుకు ముడేసుకుంది. దాన్ని మేము అడగలేదు. పుస్తకంలో ఆ వరుసలో ఇప్పుడు ఇంకో మాట చేరింది: 2020 డిసెంబరు నుంచి మంథనిలో ఉంది. ఇదంతా రాసుకుంటామని అడిగితే, "రాసుకోండ్రి, అబద్ధమైతే గాదు గదా" అన్నది. ఆ మాట మీదనే రాస్తున్నాం.

చెల్లె ఆ శరదృతువులో గ్రీసు నుంచి అమెరికా తిరిగి వెళ్లింది, ఇంటికి రావడం మాత్రం 2022లో అయింది. రాగానే తాత ఫోటోకు దండం పెట్టుకుని, తర్వాత చేసిన మొదటి పని మా నోటు పుస్తకం తెరిచి, కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడడం. సరిగ్గానే ఉన్నాయి.

2021 రెండో విడతలో మన వాళ్ల ఇళ్లలో ఎంతమంది పెద్దలు పోయారో మీకు తెలుసు. ఎన్నో పెట్టెలు తాళాలతోనే ఉండి ఉంటాయి. తీసేటప్పుడు ఒక స్కేలు, ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఫోన్ ఎట్లాగూ చేతిలోనే ఉంటుంది. ముందు పైనుంచి ఫోటో, తర్వాత నెంబరు, ఆ తర్వాతే చెయ్యి. మా గడుల నమూనా కావాలంటే రాయండి, పంపుతాం.

మీరు కూడా మాకు ఒక సాయం చేయండి. బా-36, నాలుగో పొర, ఎడమ మూల, ఉత్తరాల కట్ట కింద. గుండ్రటి ఇత్తడి బిళ్ల, పైన ఒక రంధ్రం. గనిలో దిగే ముందు దీపాల గదిలో ఇచ్చి, టోపీ దీపం తీసుకునే బిళ్ల అది. పని దిగి దీపం తిరిగిచ్చాక బిళ్ల తిరిగి తీసుకోవాలి. తాత నెంబరు 207. ఆ బిళ్ల వేరే ఉంది, బా-35. దీని మీద 318 అని కొట్టి ఉంది. 1983 కన్నా ముందుది. ఇది ఎవరిదో, తాత దగ్గర ఎందుకు ఉండిపోయిందో నాయనమ్మకు తెలియదు. మీ ఇంట్లో ఎవరైనా లాల్‌పేట వైపు గనుల్లో పనిచేసి ఉంటే, ఈ నెంబరు ఒకసారి అడిగి చూడండి.